స్టీమ్ డెక్ మీదికి ఒక పాత పీసీ గేమ్: పోర్టింగ్ కేస్ స్టడీ

మాది హైదరాబాద్‌లో ఒక చిన్న పోర్టింగ్ టీమ్. వేరే స్టూడియోలు తయారుచేసిన గేమ్‌లను కొత్త పరికరాల మీద సరిగ్గా ఆడేలా చేసిపెట్టడం మా పని. ఈ కేసులో క్లయింట్ పేరు, దేశం, గేమ్ పేరు, ఇంజిన్ పేరు చెప్పను. గేమ్‌ని గుర్తుపట్టించే ఒకటి రెండు వివరాలు మార్చాను. కొత్త పోర్టబుల్ కన్సోల్ వచ్చినప్పుడు థర్డ్ పార్టీ స్టూడియోలు ఎక్కడెక్కడ తడబడతాయో దాదాపు అన్నీ ఈ ఒక్క గేమ్‌లోనే కనిపించాయి కాబట్టి రాసిపెడుతున్నాను.

నేపథ్యం

పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ, స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్‌ని 2021 జూలైలో ప్రకటించి, 2022 ఫిబ్రవరి చివర్లో అమ్మకానికి తెచ్చింది. 7 అంగుళాల స్క్రీన్, 1280×800 రిజల్యూషన్. లోపల ఏఎండీ చిప్: నాలుగు జెన్ 2 కోర్లు, ఆర్‌డీఎన్‌ఏ 2 గ్రాఫిక్స్. సీపీయూ (లెక్కలు చేసే భాగం), జీపీయూ (బొమ్మలు గీసే భాగం) రెండూ పంచుకునే 16 జీబీ మెమరీ. ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కాబట్టి విండోస్ గేమ్‌లు, వాటి పిలుపులను లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోటాన్ అనే పొర మీద నడుస్తాయి.

కొత్త కన్సోల్ సంగతి ఎప్పుడూ పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టే ఉంటుంది. గేమ్‌లు ఉంటే గానీ జనం కొనరు, జనం కొంటే గానీ స్టూడియోలు గేమ్‌లు తేవు. వాల్వ్‌కి ఈ దెబ్బ ముందే తగిలింది. 2015లో స్టీమ్ మెషీన్లు (లినక్స్‌తో నడిచే గేమింగ్ పీసీలు) వచ్చినప్పుడు గేమ్‌ని లినక్స్‌కి విడిగా పోర్ట్ చేయమని స్టూడియోలను అడగాల్సి వచ్చింది. చాలామంది చేయలేదు, ఆ మెషీన్లు నిలబడలేదు. 2018 ఆగస్టులో ప్రోటాన్ వచ్చాక పరిస్థితి మారింది. డెక్ బయటికి వచ్చే నాటికి స్టూడియో వేలు కదపకపోయినా దాని విండోస్ గేమ్ డెక్ మీద తెరుచుకునే అవకాశం ఉంది.

తెరుచుకోవడం వేరు, హాయిగా ఆడుకోగలగడం వేరు. ఆ తేడా చెప్పడానికే వాల్వ్ గేమ్‌లను తనే పరీక్షించి వెరిఫైడ్, ప్లేయబుల్, అన్‌సపోర్టెడ్, అన్‌నోన్ అని నాలుగు రకాల ముద్రలు వేస్తుంది. వెరిఫైడ్ రావాలంటే గేమ్ మొత్తం కంట్రోలర్‌తోనే ఆడగలగాలి, అక్షరాలు చదవగలిగేలా ఉండాలి, మధ్యలో లాంచర్లూ (గేమ్ కన్నా ముందు తెరుచుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) హెచ్చరికలూ అడ్డం పడకూడదు, సెట్టింగ్స్ ముట్టుకోకుండానే ఆట సాఫీగా నడవాలి.

మా క్లయింట్‌ది మధ్యస్థాయి స్టూడియో. గేమ్ ఓపెన్ వరల్డ్ సర్వైవల్ రకం: అడవిలో చెట్లు కొట్టడం, ఇల్లు కట్టడం, వంట చేసుకోవడం, స్నేహితులతో కలిసి కో-ఆప్ ఆడటం. పీసీ మీద చాలాకాలంగా బాగానే అమ్ముడవుతోంది. డెక్ మీద ప్లేయబుల్ ముద్ర వచ్చింది గానీ, దాని కింద అభ్యంతరాల చిట్టా ఉంది. 2023 వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల కోరిక ఒక్కటే: "వెరిఫైడ్ తెప్పించండి."

అప్పటికి మన దేశంలో డెక్ అధికారికంగా అమ్మకానికి లేదు. క్లయింటే పరికరాలు పంపారు. వేరే కన్సోళ్లకైతే డెవలపర్ల కోసం చేసిన ప్రత్యేకమైన పరికరం (డెవ్‌కిట్) కోసం దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి. డెక్‌కి ఆ గొడవ లేదు. షాపులో కొన్న మెషీన్‌లోనే డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే నెట్‌వర్క్ మీద మన బిల్డ్ (నడపడానికి సిద్ధం చేసిన గేమ్ ప్రతి) ఎక్కించుకోవచ్చు. చిన్న టీమ్‌లకి ఇది మామూలు సాయం కాదు.

సమస్య ఏ రూపంలో వచ్చింది

క్లయింట్ పంపిన చిట్టాలో అన్నిటికన్నా పైన ఫ్రేమ్ రేట్ (సెకనుకు స్క్రీన్ మీదికి వచ్చే బొమ్మల సంఖ్య) ఉంది. ఊళ్లోకి వెళ్తే ఆట నత్తనడక నడుస్తోంది. తర్వాత ప్రారంభ వీడియో రాకపోవడం, ఇన్వెంటరీలో (ఆటగాడి దగ్గరున్న వస్తువుల పట్టికలో) అంకెలు కనపడకపోవడం, లాంచర్‌లో మౌస్ లేకుండా బటన్ నొక్కలేకపోవడం. సేవ్ ఫైళ్ల సంగతి చిట్టా అడుగున ఎక్కడో ఒక్క లైనులో ఉంది.

మేం ముందుగా ఆటగాళ్ల రివ్యూలు చదివాం. క్రమం తలకిందులైంది. ఫ్రేమ్ రేట్ గురించి విసుక్కున్నవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ డబ్బు వాపసు అడిగేంత కోపంగా రాసినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది వేరు. ఇంట్లో పీసీ మీద నెలల తరబడి కట్టుకున్న ఊరు డెక్‌లో తెరిస్తే ఉండదు, "కొత్త గేమ్" అన్న బటన్ ఒక్కటే ఉంటుంది. చిట్టా పట్టుకుని పైనుంచి కిందికి పనిచేసి ఉంటే దీని దగ్గరికి ఆఖర్న చేరేవాళ్లం. అందుకే దాన్నే ముందు ఎత్తుకున్నాం.

లినక్స్ బిల్డ్ ఉంచాలా, తీసేయాలా

కారణం తేలిగ్గానే దొరికింది. ఈ గేమ్‌కి పాత లినక్స్ బిల్డ్ ఒకటి ఉంది. మామూలుగా లినక్స్ బిల్డ్ ఉంటే డెక్ దాన్నే ఎంచుకుంటుంది. ఆ బిల్డ్ విండోస్ దానికన్నా చాలా ప్యాచ్‌లు (అప్‌డేట్‌లు) వెనకబడి ఉంది. సేవ్ ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో రాస్తుంది, క్లౌడ్‌లో ఆ రెండు దారులూ కలవవు. వెర్షన్ తేడా వల్ల విండోస్ స్నేహితులతో కో-ఆప్ కూడా కుదరదు.

దారులు రెండు. లినక్స్ బిల్డ్‌ని మళ్లీ బతికించి, వల్కన్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ మీద బొమ్మ గీసే కోడ్ (వల్కన్ రెండరర్) రాయడం ఒకటి. దాన్ని పక్కనపెట్టి విండోస్ బిల్డ్‌నే ప్రోటాన్ మీద నడిపించడం రెండోది. క్లయింట్ వైపు ఒక సీనియర్ ఇంజనీర్ మొదటిదాని వైపు గట్టిగా నిలబడ్డాడు. మధ్యలో పొర లేకపోతే వేగం ఎక్కువ ఉంటుందన్నది ఆయన వాదన. కొలిచి చూశాం. ఈ గేమ్ విషయంలో అది నిజం కాలేదు. విండోస్ గ్రాఫిక్స్ వ్యవస్థ డైరెక్ట్ 3డీ 11 పిలుపులను ప్రోటాన్‌లోని డీఎక్స్‌వీకే అనే భాగం వల్కన్‌లోకి మార్చి నడిపిస్తుంటే వచ్చిన వేగం, లినక్స్ బిల్డ్ వాడే పాత ఓపెన్‌జీఎల్ గ్రాఫిక్స్ దారికన్నా మెరుగ్గానే ఉంది.

అయితే మేం నిర్ణయం తీసుకుంది వేగం చూసి కాదు. ఆ ఇంజనీర్‌ని మేం అడిగింది ఇది: వచ్చే ఏడాది ప్రతి ప్యాచ్‌కీ ఈ రెండో బిల్డ్‌ని ఎవరు కట్టాలి, ఎవరు పరీక్షించాలి? జవాబు రాలేదు. పాత బిల్డ్ వెనకబడింది కూడా అందుకే. మొదట చేసినవాళ్లు మంచిగానే చేశారు, తర్వాత దాన్ని చూసుకునేవాళ్లు లేకుండాపోయారు. కొత్త వల్కన్ రెండరర్‌కీ అదే గతి పడుతుంది. అక్కడి నుంచి ఈ పనిలో ఒక నియమం పెట్టుకున్నాం: డెక్ కోసం మాత్రమే ఉండే కోడ్ వీలైనంత తక్కువ ఉండాలి, ప్రతి సవరణా ప్రధాన బిల్డ్‌లోకే వెళ్లాలి.

తీసేయడానికీ ఒక వరస ఉంది. లినక్స్ బిల్డ్‌ని ఒక్కసారిగా తీసేస్తే దాని మీద ఆడుతున్నవాళ్ల సేవ్ ఫైళ్లు అనాథలైపోతాయి. అందుకని ముందు సేవ్ ఫైళ్లను దాచే స్టీమ్ ఆటో క్లౌడ్‌లో రూట్ ఓవర్‌రైడ్ అనే సెట్టింగ్ పెట్టి లినక్స్ దారినీ విండోస్ దారినీ ఒకే చోటికి కలిపాం. ఒకే ఆటగాడికి రెండు వైపులా సేవ్ ఉంటే పాతదాన్ని తుడిచేయకుండా పక్కన వేరే స్లాట్‌లో ఉంచేలా గేమ్‌లో మార్పు చేశాం. ఆటగాళ్లు కనీసం ఒకసారి తెరిచి సింక్ చేసుకునేందుకు సమయం ఇచ్చి, ఆ తర్వాతే బిల్డ్‌ని తీసేశాం. లినక్స్ డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్లలో కొందరికి కోపం వచ్చింది. అది న్యాయమే, వాళ్లకి ఇచ్చిన మాట ఒకటి వెనక్కి తీసుకున్నట్టే కదా. నా దృష్టిలో ఏళ్ల తరబడి పాడైన బిల్డ్‌ని అమ్ముతూ ఉండటం అంతకన్నా పెద్ద అన్యాయం.

ఫ్రేమ్ రేట్: పని చేయని వైద్యం

పీసీ మీద అలవాటైన చేతులు ముందు వెళ్లేది గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోకే. క్లయింట్ టీమ్ మాకన్నా ముందే అది చేసింది. నీడలు తగ్గించారు, గడ్డి తగ్గించారు, రిజల్యూషన్‌ని 960×600కి దించి, చిన్న బొమ్మని పెద్దది చేసే ఎఫ్ఎస్ఆర్‌తో పెంచారు. కొంచెం లాభం కనపడింది గానీ అనుకున్నంత రాలేదు. పైగా బొమ్మ మసకబారింది, దూరంగా ఉన్న సైన్‌బోర్డులు చదవలేం.

వాళ్ల తర్కంలో తప్పు పట్టడానికి లేదు. ఆట మీదే కొలతలు చూపించే పర్ఫార్మెన్స్ ఓవర్‌లేలో జీపీయూ 99 శాతం చూపిస్తోంది. జీపీయూ నిండిపోయింది కాబట్టి దాని బరువు దించాలి, అంతే కదా. ఓవర్‌లేని పూర్తి స్థాయికి పెంచి చూస్తే పక్కనే ఇంకో అంకె ఉంది: జీపీయూ క్లాక్, అంటే అది నడుస్తున్న వేగం. డెక్ జీపీయూ 1.6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగలదు. ఊరి మధ్యలో అది 1.1 దగ్గరే ఆగిపోతోంది. అంటే జీపీయూ ఖాళీ లేకుండా పనిచేస్తోంది, కానీ తన పూర్తి వేగంతో కాదు.

ఎందుకంటే ఆ చిప్ మొత్తానికీ ఉన్నది 15 వాట్లు. సీపీయూ, జీపీయూ రెండూ ఆ 15లోంచే పంచుకోవాలి. ఒకటి ఎక్కువ లాగితే రెండోదాని క్లాక్ పడిపోతుంది. డెస్క్‌టాప్‌లో ఆ రెంటికీ వేర్వేరు కరెంటు, వేర్వేరు ఫ్యాన్లు. అందుకే సీపీయూ దండగ ఖర్చు అక్కడ ఎవరి కంటా పడదు. రిజల్యూషన్ తగ్గిస్తే ఫలితం సగమే రావడానికి కారణం కూడా ఇదే. ఫ్రేమ్‌లు కొంచెం పెరగగానే సీపీయూ పని పెరుగుతుంది, అది ఇంకొన్ని వాట్లు లాక్కుంటుంది, జీపీయూ క్లాక్ ఇంకాస్త దిగుతుంది.

సీపీయూ ఏం చేస్తోందా అని ప్రొఫైలర్ పెట్టి చూస్తే, చాలాభాగం ఏమీ చేయట్లేదు, ఎదురుచూస్తోంది. డెక్‌లోని నాలుగు కోర్లూ కలిపి ఒకేసారి నడపగలిగే పని వరసలు (థ్రెడ్‌లు) ఎనిమిది. గేమ్ వాటిని లెక్కపెట్టి, ఒకటి వదిలి మిగతా ఏడింటినీ వర్కర్లుగా, అంటే పని పంచుకునేవాటిగా పెట్టుకుంటుంది. పని లేనప్పుడు ఆ వర్కర్లు నిద్రపోవు. "పనుందా, పనుందా" అని లూప్‌లో అడుగుతూనే ఉంటాయి. ఫ్రేమ్ లిమిటర్‌దీ అదే పద్ధతి, తర్వాతి ఫ్రేమ్ టైమ్ అయ్యేదాకా లూప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడంతా బ్యాటరీ ఖర్చే.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకున్నాం: ఇది ఎవరో తెలియక రాసిన కోడా? కాదు. విండోస్‌లో స్లీప్ పిలుపు మామూలుగా కచ్చితంగా ఉండదు. ఒక మిల్లీసెకండ్ పడుకోమంటే డిఫాల్ట్ టైమర్ ప్రకారం 15.6 మిల్లీసెకండ్ల దాకా లేవకపోవచ్చు. 60 ఫ్రేమ్‌ల గేమ్‌లో ఒక ఫ్రేమ్ మొత్తం వ్యవధే 16.7. అంటే ఒక్క స్లీప్‌తో ఒక ఫ్రేమ్ పోయినట్టే. ఆ గేమ్ రాసిన రోజుల్లో లూప్ తిప్పడమే సరైన నిర్ణయం. ఆ కారణం తెలుసుకోకుండా లూప్ తీసేసి ఉంటే డెక్ బాగుపడి, విండోస్‌లో కుదుపులు మొదలయ్యేవి.

పనిచేసిన మార్పులు

వర్కర్లు కాసేపు మాత్రం లూప్‌లో చూసి, పని రాకపోతే ఈవెంట్ (లేపే సంకేతం) కోసం నిద్రపోయేలా మార్చాం. పని పడగానే ఆ ఈవెంటే వాటిని లేపుతుంది కాబట్టి టైమర్ కచ్చితత్వంతో పేచీ లేదు. ఫ్రేమ్ లిమిటర్‌కి విండోస్ 10లో వచ్చిన హై రిజల్యూషన్ టైమర్ వాడి, చివరి కొద్ది భాగానికే లూప్ ఉంచాం. వర్కర్ల సంఖ్య తగ్గించాం. దూరంగా తిరిగే జంతువుల యానిమేషన్‌ని ప్రతి ఫ్రేమ్‌కీ లెక్కకట్టడం మాన్పించాం.

అదే ఊరి మధ్యలో జీపీయూ క్లాక్ పైకి లేచింది. రిజల్యూషన్‌ని మళ్లీ పూర్తి 1280×800కి తీసుకెళ్లాం. గ్రాఫిక్స్ కోడ్‌లో ఒక్క లైను మార్చకుండానే గ్రాఫిక్స్ బాగుపడ్డాయి. ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లకీ ఫ్యాన్ రొద తగ్గింది. ప్రధాన బిల్డ్‌లోనే సవరించాలన్న నియమం పెట్టుకోకపోతే ఈ లాభం వాళ్లదాకా వెళ్లేది కాదు.

లక్ష్యం ఎంత పెట్టుకోవాలన్నది ఇంకో చర్చ. క్లయింట్‌కి 60 కావాలి. 40 వాట్-అవర్ల బ్యాటరీ మీద పరికరం మొత్తం 20 వాట్లు లాగితే ఆట 2 గంటల్లో ముగుస్తుంది. 2022 మే నెలలో వచ్చిన అప్‌డేట్‌తో డెక్ స్క్రీన్‌ని 40 హెర్ట్జ్‌కి (సెకనుకు 40 సార్లు మారేలా) దించుకోవచ్చు. 30 ఫ్రేమ్‌లంటే ఒక్కోటి 33.3 మిల్లీసెకండ్లు, 60 అంటే 16.7. వాటి సరిగ్గా మధ్యలో ఉండేది 25, అంటే 40 ఫ్రేమ్‌లు. అందుకే చేతికి తెలిసే చురుకులో 40 అన్నది 30కీ 60కీ నడిమధ్య ఉన్నట్టు అనిపిస్తుంది. అయితే స్క్రీన్ రేటు మార్చేది ఆటగాడు, గేమ్ కాదు. స్క్రీన్ 60లోనే ఉండగా మనం 40 ఫ్రేమ్‌లు ఇస్తే కుదుపు కనపడుతుంది. అందుకని డిఫాల్ట్‌గా 30కి కట్టేసి, ఎవరైనా 40కి మార్చుకుంటే తట్టుకునేలా 25 మిల్లీసెకండ్లలోపు పని పూర్తయ్యే బడ్జెట్ పెట్టుకున్నాం. స్టోర్ పేజీలో 60 అని రాసుకోలేమని క్లయింట్ మార్కెటింగ్‌వాళ్లు కొంచెం నొచ్చుకున్నారు.

వేడి విషయం కూడా చెప్పాలి. పరిసరాల ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే డెక్ బాగా పనిచేస్తుందని వాల్వ్ చెప్పింది. చిప్ 100 డిగ్రీలు తాకితే వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో తీసిన కొలతలు ఎంతవరకు నమ్మొచ్చో తెలియాలంటే హైదరాబాద్ ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ ఆపేస్తే చాలు. మా టెస్టర్లు తిట్టుకుంటూనే ఆడారు. 30కి కట్టిన సెట్టింగ్ ఆ ఉక్కలోనూ నిలబడింది.

చిన్నవనిపించినవి

గేమ్ తెరవగానే ప్రారంభ వీడియోకి బదులు పాత దూరదర్శన్‌లో కార్యక్రమాలు మొదలయ్యే ముందు కనిపించినట్టు రంగుల పట్టీలు వచ్చేవి. విండోస్ మీడియా ఫౌండేషన్ ద్వారా ఆడే కొన్ని వీడియోలకు ప్రోటాన్‌లో ఇలా జరుగుతుంది. వాల్వ్ తనవైపు వీడియోలను మార్చి పంపే ఏర్పాటు ఉన్నా, ప్రతి ప్యాచ్‌కీ దాని మీద ఆధారపడటం ఇష్టం లేక వీడియోలన్నీ వీపీ9 అనే ఫార్మాట్‌లోకి మార్చి, దాన్ని చదివే డీకోడర్‌ని గేమ్‌లోనే పెట్టాం.

మొదటిసారి తెరిచినప్పుడు సెట్టింగ్స్ అన్నీ అట్టడుగుకి పోయేవి. గేమ్ దగ్గర గ్రాఫిక్స్ కార్డుల పేర్ల జాబితా ఉంది, డెక్ తన పేరు "ఏఎండీ కస్టమ్ జీపీయూ 0405" అని చెబుతుంది. ఆ పేరు జాబితాలో లేదు, తెలియనివాటికి అన్నీ తక్కువే. స్టీమ్ ఏపీఐలో డెక్ అవునా కాదా అని అడిగే పిలుపుతో సరైన ప్రీసెట్ పెట్టాం. మొత్తం పనిలో నేరుగా "డెక్ అయితే" అని రాసిన కోడ్ ఇదీ, లాంచర్ దగ్గరిదీ, చివర్లో చెప్పబోయే ఒక మెనూ లైనూ, అంతే.

లాంచర్ దగ్గరే ఎక్కువ మీటింగ్‌లు జరిగాయి. పబ్లిషర్ సొంత లాంచర్ అది. లాగిన్ అడుగుతుంది, వార్తలు చూపిస్తుంది, వాళ్ల మిగతా గేమ్‌ల ప్రకటనలు వేస్తుంది. దాన్ని తీసేయడమంటే మార్కెటింగ్ టీమ్‌కి తలుపు మూసినట్టు. మొదట లాంచర్‌కి కంట్రోలర్ సపోర్ట్ పెట్టి చూశాం. బటన్లు పనిచేశాయి గానీ అసలు చిక్కు వేరే ఉంది: ప్రతిసారీ ఇంటర్నెట్ కావాలి. ఈ పరికరం కొనేదే రైల్లోనో విమానంలోనో ఆడుకోవడానికి. అక్కడ లాంచర్ గుండ్రంగా తిరుగుతూ ఉంటే ఆట లేనట్టే. ఆ దృశ్యాన్ని ఫోన్‌లో వీడియో తీసి పంపాక మీటింగ్‌ల స్వరం మారింది. డెక్‌లో లాంచర్ దాటేసి, లాగిన్‌ని గేమ్ లోపల కో-ఆప్ మెనూలోకి మార్చాం. వార్తల పెట్టెకి మెయిన్ మెనూలో చోటిచ్చాం.

అక్షరాలకు వాల్వ్ నియమం స్పష్టం: 1280×800లో ఏ అక్షరమూ 9 పిక్సెళ్లకన్నా తక్కువ ఎత్తు ఉండకూడదు, 30 సెంటీమీటర్ల దూరం నుంచి చదవగలగాలి. మా ఇన్వెంటరీలో వస్తువు మూలన ఉండే సంఖ్యలో 3కీ 8కీ తేడా తెలిసేది కాదు. మొత్తం ఇంటర్‌ఫేస్‌ని పెద్దది చేస్తే గళ్లు స్క్రీన్ దాటిపోతాయి, జర్మన్ భాషలో పొడుగు పదాలు పెట్టెల్లోంచి బయటికి వస్తాయి. అందుకని గళ్లు అలాగే ఉంచి, అంకెలూ వివరణ పెట్టెలూ మాత్రమే పెంచాం. దీన్ని అందరికీ కనిపించే సెట్టింగ్‌గా ఇచ్చాం. టీవీకి కలుపుకుని సోఫాలో కూర్చుని ఆడేవాళ్లు ముందుగా థాంక్స్ చెప్పింది దీనికే.

స్లీప్ సంగతి మా టెస్టర్ కనిపెట్టాడు. పొద్దున్నే వచ్చి, "అన్నా, రాత్రి గేమ్ అలాగే ఉంచి పవర్ బటన్ నొక్కి పడుకున్నా. ఇప్పుడు లేపితే మనోడు ఆకలికి చచ్చిపోయి ఉన్నాడు" అన్నాడు. హీరో ఆకలిని గేమ్ సిస్టమ్ గడియారం చూసి లెక్కకడుతోంది. పీసీ మీద గేమ్ నడుస్తుండగా మెషీన్‌ని నిద్రపుచ్చేవాళ్లు తక్కువ కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు. డెక్‌లో అది రోజువారీ అలవాటు. ఆకలి, పంటలు, పొయ్యి మంట అన్నిటినీ ఆట లోపలి సమయానికి మార్చాం. నిద్రలేచాక కో-ఆప్ కనెక్షన్ తెగిపోతే గేమ్ మూతపడకుండా మెనూకి తిరిగి వచ్చేలా చేశాం.

కావాలనే వదిలేసింది ఒకటుంది. డెవలపర్ మోడ్ ద్వారా ఎక్కించిన బిల్డ్‌లలో కొత్త ప్రదేశానికి వెళ్లినప్పుడల్లా చిన్న కుదుపు వచ్చేది. అది షేడర్లు (జీపీయూ నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) అప్పటికప్పుడు కంపైల్ అవుతున్నప్పటి కుదుపు. అప్పటికి డెక్‌లన్నిటిలో చిప్ ఒకటే కాబట్టి ముందే కంపైల్ చేసిన షేడర్లను స్టీమ్ ఆటగాళ్లకు పంపేది. మన ప్రైవేట్ బిల్డ్‌కి అవి ఉండవు. దాని వెంటపడితే బడ్జెట్ కరిగేది.

ఫలితం, మిగిలినది

మళ్లీ పరీక్షకి పంపాక వెరిఫైడ్ వచ్చింది. 2023 నవంబర్‌లో 90 హెర్ట్జ్ ఓఎల్ఈడీ స్క్రీన్‌తో కొత్త డెక్ వచ్చినప్పుడు మేం గేమ్‌లో ఏమీ మార్చాల్సి రాలేదు. అందులో ఆటగాడు 45కి కట్టుకోవాలన్నా మిగులు సరిపోయింది. ఇప్పుడు ప్రతి ప్యాచ్ ముందూ క్లయింట్ క్యూఏ (నాణ్యత పరీక్ష) టీమే డెక్ మీద ఒక పూట ఆడి చూస్తుంది, మమ్మల్ని పిలవట్లేదు.

ఒక సమస్య తీరలేదు. డెక్ నుంచి కో-ఆప్ హోస్ట్ చేస్తూ (అంటే అందరి ఆటనీ తన పరికరం మీదే నడిపిస్తూ), అందరూ కలిసి కట్టిన పెద్ద కోట మధ్యలో నిలబడితే ఆట 30 కన్నా కిందికి జారుతుంది. హోస్ట్ సిమ్యులేషన్ అంతా ఒకే థ్రెడ్‌లో ఉంది. దాన్ని విడగొట్టాలంటే సేవ్ ఫార్మాట్ మార్చాలి, అంటే ఆటగాళ్లు ఏళ్ల తరబడి దాచుకున్న ఊళ్లన్నిటినీ కొత్త రూపంలోకి మార్చాలి. క్లయింట్ ఒప్పుకోలేదు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి కాదు. డెక్ నుంచి హోస్ట్ చేస్తున్నప్పుడు, వీలైతే పీసీ ఉన్న స్నేహితుడు హోస్ట్ చేస్తే మంచిదని మెనూలో ఒక లైను చూపిస్తున్నాం.